నాంచారమ్మ కొడుకులు, సున్నంలో వేడి

ముక్కొండపాలెంలో నాంచారమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, నాంచారమ్మే అంది. కాదన్నవాళ్ళు మాత్రం లేరు. ఆవిడతో ఒకసారి వాదించి ఇంటికెళ్ళిన మనిషికి రెండు రోజులు తల తిరుగుతూనే ఉంటుంది మరి.

"మా ఇంట్లో నాలుగు బుర్రలున్నాయి. ఒక్కటంటే ఒక్కటి వాడి పాడుచేసుకోలేదు, అన్నీ కొత్తవి కొత్తవిలాగే ఉన్నాయి," అనేది గర్వంగా.

ఆ నాలుగులో ఒకటి ఆవిడది. మిగతా మూడూ కొడుకులవి. పెద్దవాడు ఏడుకొండలు, నడిపివాడు గురవయ్య, చిన్నవాడు ఆదెయ్య. ముగ్గురూ ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టే చేసే రకం. ఒకసారి బస్సులో కండక్టరు "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచాడు. అంతే! ముగ్గురూ జరిగి జరిగి డ్రైవరు ఒళ్ళో కూర్చున్నారు.

ఏడుకొండలుకి ముప్ఫయి నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఏడు సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాయి. ఒక పిల్ల తండ్రి "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే "మీకు కనబడటంలేదా? కూర్చున్నాను" అన్నాడు. ఇంకొకాయన "మా అమ్మాయిని బాగా చూసుకుంటావా?" అంటే, వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా నిలబడి రెప్పవెయ్యకుండా గంటసేపు చూశాడు. పాపం, ఆ పిల్ల ఏడుస్తూ లోపలికి పారిపోయింది.

ఇప్పుడొచ్చింది ఎనిమిదో సంబంధం. ఊటవాగు పున్నయ్యగారి అమ్మాయి శేషారత్నం. పదో తరగతి పిల్లలకి ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంది. ఆ అమ్మాయి ఫోటో వచ్చిన దగ్గర్నుంచీ ఏడుకొండలు మనిషి మనిషిలా లేడు. ఎలాగైనా ఈ పెళ్ళి జరగాలని అతనికి చచ్చేంత ఆశ. అన్నం తినేటప్పుడు కూడా ఫోటోని ఎదురుగా పెట్టుకునేవాడు. తను తింటుంటే ఆ అమ్మాయి చూడటం బాగుండదని బోర్లించి పెట్టుకునేవాడు.

సంబంధం తెచ్చిన చలమయ్య సోమవారం పొద్దున్నే వచ్చి, గోడలన్నీ ఓసారి కలయజూశాడు. పొగచూరి నల్లగా ఉన్నాయి.

"చూడండమ్మా. గురువారం పొద్దున పున్నయ్యగారూ, ఆయన భార్యా ఇల్లు చూడటానికి వస్తున్నారు. ఇల్లు నచ్చితే పెళ్ళి కుదిరినట్టే. ఈలోగా సున్నం కొట్టించండి. ఇది కూడా పోయిందా, ఇంక నన్ను పిలవొద్దు," అన్నాడు.

ఏడుకొండలు వెంటనే తమ్ముళ్ళిద్దర్నీ వెంటేసుకుని ఊరి బయట మస్తాన్ సున్నపు బట్టీకి పరిగెత్తాడు.

బట్టీలో రాళ్ళూ బొగ్గూ వరసలు వరసలుగా పేర్చి, రెండు రోజులపాటు కాల్చి, చల్లారనిచ్చి అప్పుడే దించుతున్నారు. ఏడుకొండలు ఒక గడ్డ తీసి చేత్తో తూచి చూశాడు.

"ఏంది మస్తానూ, రాయి ఇంత తేలిగ్గా ఉంది? సగం ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు అన్నా. కాల్చేటప్పుడు రాయిలోంచి ఒక గాలి బయటికి పోయిద్ది. దాని బదులు వేడి లోపలికి పోయిద్ది."

"చల్లగానే ఉందే!"

"పైకి అట్లాగే ఉంటది. వేడి లోపల దాక్కుని ఉంటది. నీళ్ళు తగిలాయంటే బుసబుసమని బయటికొచ్చిద్ది. ఆ వేడంతా బయటికి పోయేదాకా ముట్టుకోబాకండి. రెండు రోజులు నాననిచ్చి గోడలకి వేసుకోండి," అన్నాడు మస్తాన్.

గురవయ్య గడ్డకి చెవి ఆనించి విన్నాడు. "నిద్రపోతున్నట్టుంది, చప్పుడు లేదు," అన్నాడు మెల్లగా.

ఇంకేముంది! మూడు బస్తాల గడ్డలకి మూడు దుప్పట్లు కప్పి, ట్రాలీ ఆటోలో ఎక్కించారు. దారిపొడుగునా ఆటో డ్రైవర్ని హారన్ కొట్టనివ్వలేదు. గేదెలు అడ్డం వస్తే ఆదెయ్యే దిగి, వాటి చెవిలో రహస్యంగా "కాస్త తప్పుకోండమ్మా" అని చెప్పి వచ్చాడు.

ఇంటికి చేరాక పెరట్లో ఇనుప పీపా పెట్టి, ఒకటిన్నర బస్తా గడ్డలు వేసి నీళ్ళు పోశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గడ్డలు పగిలాయి, బుడగలొచ్చాయి, ఆవిరి లేచింది, పీపా అంతా కుతకుతా ఉడికిపోయింది. నాంచారమ్మ రెండు చేతులూ చెంపలకి పెట్టుకుంది.

"నిప్పు లేకుండా ఉడుకుతోందిరా! పొయ్యి ఎక్కడుందో చూడండి!"

గురవయ్య గునపం తెచ్చి పీపా పక్కనే తవ్వాడు. మోకాలిలోతు తవ్వాడు, నడుంలోతు తవ్వాడు. పాత చెప్పు ఒకటి దొరికింది గానీ పొయ్యి దొరకలేదు.

"అయితే మస్తాన్ చెప్పింది నిజమే," అన్నాడు ఏడుకొండలు. "ఇది దాక్కున్న వేడే. బయటికి పోతోంది. పూర్తిగా పోయేదాకా మనం ముట్టుకోకూడదు. గురవా, నువ్వెళ్ళి వీధి గుమ్మంలో కూర్చో. వేడి వెళ్ళగానే కేకెయ్యి."

గురవయ్య గుమ్మంలో కూర్చుని చూశాడు. ఒక కుక్క వెళ్ళింది. కోడిపెట్ట వెళ్ళింది. అంతలో చలమయ్య పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని వచ్చి, పీపా దగ్గర ఆవిరిలో రెండు నిమిషాలు నిలబడి, ఒళ్ళంతా చెమటలు కక్కుతూ, తువ్వాలుతో విసురుకుంటూ బయటికి పోయాడు.

"అన్నా! పోయింది! వేడి చలమయ్యని ఎక్కి పోయింది!" అని గురవయ్య కేకేశాడు.

అంతే! ఆదెయ్య పీపాలో వేలు పెట్టాడు. వాడు పెట్టిన కేకకి పక్కింటి కప్పు మీద కాకులు లేచిపోయాయి. నాంచారమ్మ గబగబా కుండెడు నీళ్ళు ఆ వేలిమీద పోసింది. మంట తగ్గాక వాడు వేలు ఊదుకుంటూ అన్నాడు.

"చలమయ్య కొంచెమే పట్టుకెళ్ళాడు. ఒక్క మనిషి ఎంతని మోస్తాడు?"

అప్పుడు నాంచారమ్మకి ఆలోచన తట్టింది. ఆవిడకి ఆలోచన తట్టినప్పుడల్లా ఇంట్లో ఒక సామాను తగ్గుతుంది.

"ఇంత వేడి ఊరికే పోతుంటే గ్యాసు తగలేస్తామా? దీనిమీదే అన్నం వండుదాం."

బియ్యం గిన్నె తెచ్చి పీపాలో దించారు. నిజం చెప్పుకోవాలంటే, అన్నం ఉడికింది. పూర్తిగా కాదు, పళ్ళకింద కరకరలాడేంత. నలుగురూ సంబరంగా తిన్నారు. "మన తెలివి చూసి ఊరు కుళ్ళి చస్తుంది," అని నాంచారమ్మ ఇంకో ముద్ద పెట్టుకుంది.

మంగళవారం గడిచింది. బుధవారం పొద్దున చూస్తే పీపాలో సున్నం వెన్నలా మెత్తగా, చల్లగా ఉంది. అలా ఉండాల్సిందే. చక్కగా కుంచె తీసుకుని గోడలకి కొడితే కథ ఇక్కడితో అయిపోయేది. ఏడుకొండలు మాత్రం పీపాలోకి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అమ్మా, కొంప మునిగింది. ఇది చచ్చిపోయింది."

"ఏం చచ్చిపోయిందిరా?"

"సున్నం. చెయ్యి పెట్టి చూడు, చల్లబడిపోయింది. ప్రాణమున్న ఒళ్ళు వెచ్చగా ఉండాలి కదా. చచ్చిపోయిన సున్నం గోడకి ఎట్టా అంటుకుంటది? రేపే వాళ్ళొచ్చేది!" అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేబులో ఉన్న ఫోటోని పైనుంచే నిమురుకున్నాడు.

"ఏడవబాకురా," అంది నాంచారమ్మ. "బట్టీలో పెడితే వేడి లోపలికి పోయిందన్నాడు కదా మస్తాను. మళ్ళీ పొయ్యి మీద పెడితే మళ్ళీ పోయిద్ది."

పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి సున్నం కాచారు. కట్టెలు అయిపోతే విరిగిన మంచం కోళ్ళు పెట్టారు. కాగింది, పొగలొచ్చాయి, దించారు. నలుగురూ చుట్టూ కూర్చుని వేడి ఎప్పుడు దాక్కుంటుందా అని చూశారు. అది దాక్కోలేదు. ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే, ఎవరినీ అడక్కుండానే, అరగంటలో బయటికి పోయింది. రెండోసారి కాచారు. ఈసారి మూత పెట్టి, మూత మీద తిరగలి రాయి పెట్టి, చుట్టూ బావి తాడుతో నాలుగు చుట్లు చుట్టారు. అయినా పోయింది.

"దొంగముండ వేడి!" అని గురవయ్య గుండిగని కాలితో తన్నాడు. కాలు వాచింది.

ఆదెయ్య కాలిన వేలు చూసుకుంటూ అన్నాడు, "అన్నా, మొన్న చేలో యూరియా నీళ్ళల్లో కలిపాను కదా. కలుపుతుంటే నీళ్ళు మంచుముక్కలా అయిపోయి, చేతులు కొంకర్లు పోయాయి. మన కౌలు రైతు ఏమన్నాడో తెలుసా? యూరియా కరిగేటప్పుడు నీళ్ళల్లో వేడి మొత్తం తాగేసిద్దంట."

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాలుగు కొత్త బుర్రలూ ఒకేసారి పనిచేశాయి.

"సున్నం వేడి కక్కిద్ది. యూరియా వేడి తాగిద్ది," అన్నాడు ఏడుకొండలు లెక్క కడుతున్నట్టు. "మిగిలిన గడ్డల్లో నీళ్ళు పోసి, అది కక్కేటప్పుడు ఇది వేశామనుకో. కక్కిన వేడి కక్కినట్టే యూరియా పొట్టలోకి పోయిద్ది. యూరియా ఎక్కడుంటది? సున్నంలోనే ఉంటది. ఇంక వేడి ఎక్కడికి పోయిద్ది?"

"నా తండ్రే!" అని నాంచారమ్మ మెటికలు విరిచింది.

ఇంకేముంది! ఒకటిన్నర బస్తా గడ్డలు పీపాలో వేశారు, నీళ్ళు పోశారు, కుతకుతా ఉడుకుతుంటే సంచెడు యూరియా కుమ్మరించారు. ఆ పీపాలోంచి లేచింది చూడండి ఒక ఘాటు! ముక్కులో ఒకేసారి వంద సూదులు గుచ్చినట్టు, పసిపిల్లల పక్కగుడ్డలు నెల్లాళ్ళు మూటగట్టి విప్పినట్టు. వీధిలో పోయే మనుషులు ముక్కు మూసుకుని సందు మార్చుకున్నారు.

"ఇదేంటమ్మా ఈ కంపు?" అన్నాడు ఆదెయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"యూరియా త్రేన్చిందిరా. అంత వేడి ఒక్కసారి తాగితే త్రేన్పు రాదూ?"

సాయంత్రానికల్లా ఇల్లంతా ఆ సున్నమే కొట్టారు. గోడలు మల్లెపూవుల్లా తెల్లబడ్డాయి, ఆ మాట ఒప్పుకోవాలి. వేడి తప్పించుకుపోకుండా కిటికీలు, తలుపులు బిగించి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి, నలుగురూ పెరట్లో చాపలు వేసుకుని పడుకున్నారు.

గురువారం పొద్దున చలమయ్య వెంట పున్నయ్యగారూ, ఆయన భార్య కనకమ్మగారూ ఆటో దిగారు. నాంచారమ్మ ఎదురెళ్ళి, "రండి అన్నయ్యగారూ, రండి వదినగారూ, కాళ్ళు కడుక్కోండి," అని మర్యాదగా లోపలికి తీసుకెళ్ళింది. వాళ్ళు లోపలికి రాగానే వేడి పోకుండా గురవయ్య తలుపు మూసి గడియ పెట్టాడు.

పున్నయ్యగారు గోడల వంక చూసి, "ఇల్లు బా..." అన్నారు. అంతవరకే అన్నారు. తర్వాత ఆయన కళ్ళల్లోంచి ధారలు కారాయి. కనకమ్మగారు చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కుతూ దగ్గారు. చలమయ్య గోడ పట్టుకుని "ఓరి దేవుడో, ఓరి నా తండ్రో" అని శోకాలు పెట్టాడు.

నాంచారమ్మ కంగారు పడింది. "ఏమైంది అన్నయ్యగారూ? ఎందుకేడుస్తున్నారు?"

"పోనివ్వండి... మమ్మల్ని పోనివ్వండమ్మా..." అన్నారు పున్నయ్యగారు, ముక్కు తువ్వాల్లో పెట్టుకుని.

నాంచారమ్మ కొడుకుల్ని పక్కకి పిలిచింది. "చూశారట్రా? వియ్యపురాలు ఏడుస్తోంది. వియ్యంకుడు ఏడుస్తున్నాడు. పోతాం, పోతాం అంటున్నారు. ఇవి అప్పగింతలు కావూ?"

"పెళ్ళి ఎప్పుడైందమ్మా?" అన్నాడు ఏడుకొండలు ఆశ్చర్యంగా.

"సున్నం హడావిడిలో మనం చూసుకున్నట్టు లేదు. అయ్యే ఉంటది. పెళ్ళి కాకుండా అప్పగింతలు ఎక్కడన్నా ఉంటాయంట్రా?"

ఏడుకొండలు మొహం చాటంత అయింది. పెళ్ళయిపోయింది! ముప్ఫయి నాలుగేళ్ళు ఎదురుచూసింది తనకి తెలియకుండానే అయిపోయింది!

"మరి ఎవరు ఎవరింటికి పోవాలి?" అన్నాడు గురవయ్య.

"ఏడుపు ఏ ఇంట్లో జరిగితే ఆ ఇంటి బిడ్డ అత్తారింటికి పోవాల. ఎన్ని పెళ్ళిళ్ళు చూడలేదు మనం! ఇది మన ఇల్లు. పోయేది మన బిడ్డే," అంది నాంచారమ్మ. అనేసరికి ఆవిడకి నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. పెద్దకొడుకుని కావలించుకుని బావురుమంది. తమ్ముళ్ళిద్దరూ అన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చారు. సగం సున్నం వల్ల, సగం ప్రేమ వల్ల.

గడియ తీయగానే చలమయ్య పొలాలకి అడ్డం పడి పారిపోయాడు. కళ్ళు తెరవలేని మొగుడూపెళ్ళాలు తడుముకుంటూ ఆటో ఎక్కారు. వెనకనుంచి ఏడుకొండల్ని పసుపు బట్టలతో, చలిమిడి డబ్బాతో ఎక్కించారు. నాలుగు మైళ్ళు పోయాక పున్నయ్యగారు కళ్ళు తెరిచి, పక్కన కూర్చున్న మనిషిని చూసి, మళ్ళీ మూసుకున్నారు.

ఊటవాగులో శేషారత్నం గుమ్మంలోకి వచ్చి తల్లిని చూసింది, తండ్రిని చూసింది, చలిమిడి డబ్బాని చూసింది.

"నాన్నా, ఇల్లు చూడటానికి వెళ్ళి మనిషిని తెచ్చావేంటి?"

"నన్నడక్కు," అన్నారు పున్నయ్యగారు. మొహం కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయారు.

ఏడుకొండలు తలొంచుకుని మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. శేషారత్నం పళ్ళకింద పెదవి బిగబట్టి వింది. అంతా అయ్యాక అతనే అడిగాడు.

"మీరు పిల్లలకి పాఠాలు చెబుతారంట కదండీ. బట్టీలో పెట్టిన వేడి దాక్కుంది. మా అమ్మ పొయ్యి మీద పెట్టిన వేడి పారిపోయింది. రెండూ వేడే కదండీ, అట్లా ఎందుకు చేశాయి?"

శేషారత్నం నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగింది. ఎగతాళికి అడగటంలేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"బట్టీలో రాయి కేవలం వేడెక్కలేదండీ. రాయే మారిపోయింది. లోపలున్న గాలిని విడదీసి బయటికి నెట్టాలంటే బోలెడు వేడి కావాలి. అదంతా తిని అది వేరే వస్తువైంది. నీళ్ళు తగిలితే మళ్ళీ ఇంకో వస్తువుగా మారుతుంది, ఆ మారేటప్పుడు వేడి కక్కుతుంది. మీ పొయ్యి మీద సున్నం ఏమీ మారలేదు, ఊరికే కాగింది. కాగింది చల్లారుతుంది, ఎన్ని తాళ్ళు కట్టినా."

"మరి యూరియా?"

"దాని గింజలు విడిపోయి నీళ్ళల్లో కలవాలంటే వేడి కావాలి. అది నీళ్ళ దగ్గర్నుంచే లాక్కుంటుంది, అందుకే నీళ్ళు చల్లబడతాయి. కానీ ఉడికే సున్నంలో వేస్తే యూరియా విరిగిపోయి ఘాటుగాలి పుడుతుంది. మా అమ్మ ఏడ్చింది దానికి."

ఏడుకొండలు నోరు తెరుచుకుని విన్నాడు. "ఏడు సంబంధాలొచ్చాయండీ నాకు. ఒక్కళ్ళు కూడా నాకు ఇట్లా విడమరిచి ఏదీ చెప్పలేదు," అన్నాడు.

ఆ అమ్మాయికి ఎందుకో మనసు మెత్తబడింది. అరుగు మీద చాప వేయించింది. మర్నాడు పొద్దున, "మీ ఊరెళ్ళి మీ అమ్మగారిని వెంటబెట్టుకురండి, పెళ్ళి సంగతి మాట్లాడుకుందాం," అని మొదటి బస్సెక్కించింది.

ముక్కొండపాలెంలో బస్సు దిగిన కొడుకుని చూసి నాంచారమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది.

"అత్తారింటికి పంపిన మర్నాడే తిరిగొచ్చావా? నలుగురూ ఏమనుకుంటారు? ఏం గొడవ పడ్డావురా?"

"గొడవ లేదమ్మా, నిన్ను రమ్మని..."

"చెప్పమాకు! కొత్తలో అట్టాగే ఉంటది నాయనా, సర్దుకుపోవాల!" అని, తమ్ముళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టుకోగా, అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కించేసింది.

మళ్ళీ గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి శేషారత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని తండ్రితో అంది, "నాన్నా, ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా అన్నీ తెలిసినట్టే మాట్లాడారు. తెలియనిది తెలియదని అడిగినవాడు ఈయనొక్కడే. ముహూర్తం పెట్టించు."

పున్నయ్యగారు రెండు రోజులు ఆలోచించి పెట్టించారు. ముహూర్తం దాకా ఏడుకొండలు ఆ ఇంటి అరుగు మీదే ఉండిపోయాడు. నాంచారమ్మ ఇంటికి శుభలేఖ వెళ్ళింది. గురవయ్య కూడబలుక్కుంటూ చదివాడు. "చిరంజీవి ఏడుకొండలుకి... వివాహము... జరుపుటకు..."

నాంచారమ్మ చివరిదాకా చదవనివ్వలేదు.

"మళ్ళీ పెళ్ళా? వాడికి అయిందిగా! లక్షణమైన పెళ్ళాన్ని పెట్టుకుని రెండోదాన్ని కట్టుకుంటాడా? నా కోడలి గొంతు కోస్తాడా? పదండ్రా!"

అంతే! ముహూర్తం వేళకి ముగ్గురూ చీపుళ్ళు పట్టుకుని ఊటవాగు పెళ్ళిపందిట్లో దూకారు. పీటల మీద ఏడుకొండలూ, పక్కన శేషారత్నం.

"తల్లీ, నువ్విక్కడే ఉన్నావా!" అని నాంచారమ్మ కోడల్ని వాటేసుకుంది. "భయపడబాక. నేనుండగా నీకు అన్యాయం జరగదు. నువ్వు ఆ పీట మీంచి లేవమాకు. ఆ రెండోది వచ్చి ఎక్కడ కూర్చుంటదో నేనూ చూస్తా! ఒరేయ్ పెద్దోడా, తాళి కట్టాలని అంత సరదాగా ఉంటే మళ్ళీ దీని మెడలోనే కట్టు!"

"అట్లాగేనమ్మా," అన్నాడు ఏడుకొండలు. ఎవరేం చెబితే అది చేసే మనిషి కదా, బాజాలు మోగాయి, మూడు ముళ్ళూ వేశాడు. శేషారత్నం నవ్వాపుకోలేక తలంబ్రాల పళ్ళెంలో మొహం దాచుకుంది.

పందిరి గుమ్మం దగ్గర గురవయ్యా, ఆదెయ్యా చీపుళ్ళు అడ్డం పెట్టి, వచ్చిన ఆడవాళ్ళందర్నీ "నువ్వేనా రెండో పెళ్ళాం?" అని అడిగి అడిగి లోపలికి పంపుతున్నారు. అక్షింతలన్నీ పడ్డాక నాంచారమ్మ చెంగుతో చెమట తుడుచుకుని, పున్నయ్యగారి వైపు తిరిగింది.

"చూశారా అన్నయ్యగారూ, వేళకి మేం రాబట్టి సరిపోయింది. ఆ రెండోది పందిట్లో కాలు కూడా పెట్టలేకపోయింది!"